పితృవంశం: జన్యుశాస్త్రం చెప్పేది, చెప్పనిది

 



నేను చరిత్ర బోధించేవాణ్ణి, జీవశాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా ఈనాటి ప్రసంగానికి జన్యుశాస్త్రాన్ని విషయంగా ఎంచుకోవడానికి ఒక కారణం ఉన్నది. ధమ్మ సభలకు ఎక్కడికి వెళ్లినా ఇటీవల యువకులు నన్నొక ప్రశ్న అడుగుతున్నారు: “బ్రాహ్మణులు విదేశీయులని డీఎన్ఏ పరీక్షల్లో రుజువైంది కదా సార్, ఇంకా చరిత్ర పుస్తకాలతో పనేముంది?” కరపత్రాలలో, సెల్‌ఫోన్ సందేశాలలో ఈ మాట మనవారి మధ్య విరివిగా తిరుగుతున్నది. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పి తప్పించుకోవచ్చు. కాని ఏ జవాబు చెప్పినా ఆ ప్రశ్న వెనుక ఉన్న భావన అలాగే మిగిలిపోతుంది. మన గౌరవానికీ మన పోరాటానికీ తండ్రుల రక్తాన్ని పునాదిగా వేయవచ్చునా అన్నది తేల్చుకోవలసిన విషయం.

ముందుగా ఆ పరీక్ష ఏమి చూస్తుందో తెలుసుకుందాం. మానవ కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో 22 జతలు ప్రతి తరంలోనూ తల్లి భాగమూ తండ్రి భాగమూ కలగలిసి బిడ్డకు సంక్రమిస్తాయి. పురుషునిలో చివరి జతలో ఒకటి ఎక్స్, మరొకటి వై. ఈ వై క్రోమోజోముకు సరియైన జోడు లేదు కనుక, కొసలలోని కొద్ది భాగం మినహా, అది ఏ కలయికా లేకుండా తండ్రి నుండి కొడుకుకు అందుతుంది. అయితే నకలు తయారయ్యేటప్పుడు అరుదుగా ఒక అక్షరం మారుతుంది. తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒక లేఖకుడు చేసిన పొరపాటు అతని ప్రతిని చూసి రాసిన ప్రతులన్నిటిలోనూ కనిపిస్తుంది. ఆ పొరపాట్ల జాడ పట్టుకొని ఏ ప్రతి ఏ ప్రతికి సంతానమో చెప్పగలుగుతారు. వై క్రోమోజోములోని మార్పులను ఇదే విధంగా వర్గీకరించి శాఖలుగా ఏర్పరచారు. ఆ శాఖలనే హాప్లోగ్రూపులు అంటారు. మన దేశపు పురుషులలో ఆర్1ఎ, ఆర్2, హెచ్, ఎల్, జె2 వంటి శాఖలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇదే తీరున తల్లి నుండి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏ మాతృవంశపు జాడ చెబుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. పది తరాలు, అనగా సుమారు 250 సంవత్సరాలు, వెనక్కి వెళితే ప్రతి మనిషికీ లెక్క ప్రకారం 1,024 మంది పూర్వులు. (మేనరికాలు అలవాటైన మన ప్రాంతంలో ఒకే మనిషి రెండు మూడు స్థానాలలో కనిపించి నిజమైన సంఖ్య కొంత తగ్గుతుంది; అది వేరే సంగతి.) ఆ 1,024 స్థానాలలో వై క్రోమోజోము ఒక్కదానిని గురించి చెబుతుంది. తల్లి వైపు పరీక్ష మరొక్కదానిని గురించి చెబుతుంది. మిగిలిన 1,022 మంది విషయంలో ఈ రెండు పరీక్షలూ మౌనం వహిస్తాయి. గోత్రం కూడా ఇటువంటి లెక్కే. ఒక్క తండ్రి గీతను పట్టుకొని మిగతా వారినందరినీ మరచిపోయే ఏర్పాటు అది. గోత్రాన్ని విడిచి వచ్చిన మనం ప్రయోగశాల నుండి మరొక గోత్రాన్ని తెచ్చుకుంటున్నామేమోనన్నది నా అనుమానం.

ఇప్పుడు ఆ ప్రసిద్ధ పరిశోధన దగ్గరకు వద్దాం. కరపత్రాలు ఉదహరించేది 2001లో ‘జీనోమ్ రిసర్చ్’ పత్రికలో మైకేల్ బాంషాడ్, ఆయన సహచరులు ప్రకటించిన వ్యాసం. అది దేశమంతటి బ్రాహ్మణులను పరీక్షించిందని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి అందులోని కుల నమూనాలు మన విశాఖపట్నం జిల్లావి. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వారితో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్రజ్ఞులు ఆ పనిలో పాల్గొన్నారు. బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్యులు మొదలుకొని కాపు, యాదవులు, రెల్లి, మాల, మాదిగల వరకు సుమారు 265 మంది పురుషుల రక్తం పరీక్షించారు. తేలినదేమిటి? తల్లి వైపు చూస్తే ప్రతి కులమూ ఆసియా వారికే దగ్గరగా ఉన్నది. తండ్రి వైపు చూస్తే యూరపు వారితో, ముఖ్యంగా తూర్పు యూరపు వారితో పోలిక కులం మెట్టు పెరిగిన కొద్దీ పెరుగుతున్నది.

తల్లి గీతకూ తండ్రి గీతకూ నడుమ ఈ తేడా ఎందుకు వచ్చింది? ఈ బృందమే 1998లో ‘నేచర్’ పత్రికలో ఒక వివరణ ఇచ్చింది. తరతరాలుగా కింది మెట్టు స్త్రీ పై మెట్టు పురుషుని ఇంటికి చేరడానికి దారి కొంత తెరచి ఉన్నది. కింది మెట్టు పురుషునికి ఆ దారి మూసి ఉన్నది. ధర్మశాస్త్రాల పరిభాషలో మొదటిది అనులోమం, రెండవది ప్రతిలోమం. మనువు అనులోమాన్ని సహించాడు. ప్రతిలోమ సంతానంలో శూద్ర పురుషునికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవానికి చండాలుడని పేరు పెట్టాడు. ఆ ఇళ్లకు చేరిన స్త్రీలు ఇష్టంతో చేరారో, బలవంతంగా చేర్చబడ్డారో ఏ క్రోమోజోమూ చెప్పదు. మన పల్లెల చరిత్ర తెలిసినవారు ఆ ప్రశ్న మరువకూడదు.

ఈ వ్యాసం తరువాత వాదప్రతివాదాలు చాలా నడిచాయి. 2006లో రెండు భారతీయ బృందాలు వై క్రోమోజోములను పరిశీలించి, ఇటీవలి వలసల ప్రభావం అంత పెద్దది కాదన్నాయి. 2009లో మరొక వ్యాసం ఆర్1ఎ శాఖకు పుట్టినిల్లు భారతదేశమే అన్నది. పరస్పర విరుద్ధమైన ఈ వాదాలలో తనకు నచ్చినదానిని ప్రతి పక్షమూ ఎత్తుకొని ఊరేగింది. నేటి మనుషుల రక్తాన్ని మాత్రమే చూస్తూ గతం ఊహించినంతకాలం ఆ తగవు తెగలేదు. తెగడానికి ప్రాచీన అస్థికలు కావలసి వచ్చాయి. 2019లో వాగీశ్ నరసింహన్, డేవిడ్ రైక్, కుమారస్వామి తంగరాజ్ తదితరులు 523 మంది ప్రాచీన మానవుల డీఎన్ఏను పరిశీలించి ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది తొలి అర్ధభాగంలో మధ్య ఆసియా పచ్చిక మైదానాల వారి వారసత్వం దక్షిణాసియాలోకి ప్రవేశించిందని అందులో తేలింది. నేటి భారతీయులలో ఆ వారసత్వం పురుషుల ద్వారా ఎక్కువగా వచ్చిందనీ, పౌరోహిత్య సంప్రదాయం గల కొన్ని సమూహాలలో అది అధికమనీ కూడా వారు గుర్తించారు.

అదే సంవత్సరం హర్యానాలోని రాఖీగఢీ సింధు నాగరికతా స్థలంలో దొరికిన ఒక అస్థిపంజరం డీఎన్ఏ వెలువడింది. అందులో ఆ మైదానాల వారసత్వం లేదు. దీనిని చూపి వలసలే జరగలేదని పత్రికలకెక్కినవారున్నారు. ఆ అస్థిపంజరం ఒక స్త్రీది. స్త్రీలో వై క్రోమోజోము ఉండదు. పైగా ఆమె జీవించినది ఆ వలసలకు ముందు కాలంలో. రాని చుట్టం ఇంట్లో లేడు గనుక ఎన్నడూ రాడనడం ఎటువంటి తర్కమో నాకు బోధపడలేదు. వలస జరిగిందన్న విషయంలో నాకు సందేహం లేదు.

అయితే మన యువకుల ప్రశ్నకు అవునని చెప్పినట్లేనా? కాదు. వలస జరిగిందనడం వేరు, నేటి ఒక కులం పరాయిది, మరొక కులం ఈ నేలది అనడం వేరు. 2003లో తూమాస్ కివిసిల్డ్ తదితరులు మన నల్లమల చెంచులను, కోయలను పరిశీలించారు. ఆర్యుల ముద్రగా ప్రచారమైన ఆర్1ఎ శాఖ చెంచు పురుషులలో సుమారు నాలుగో వంతు మందిలో కనిపించింది. కరపత్రం ప్రకారం చెంచువాడు కూడా విదేశీయుడు కావాలి! 2009లో డేవిడ్ రైక్, మన హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాల్‌జీ సింగ్, తంగరాజ్ మొదలైనవారు 25 సమూహాలను పరిశీలించారు. రెండు ప్రాచీన జనసమూహాల కలయిక ప్రధాన భూభాగంలోని దాదాపు ప్రతి సమూహంలోనూ ఉన్నదని, తేడా పాళ్లలోనే అని చూపించారు. మాలలలో, మాదిగలలో, బ్రాహ్మణులలో ఆ ఇద్దరూ ఉన్నారు. వెనుకటి దానికి వెనుకటి వలసలు కూడా ఉన్నాయి. ఇరాన్ వైపు జనంతో బంధుత్వం గల వారసత్వం సింధు ప్రజలలోనే ఉన్నది. అంతకు ముందు వేల తరాల క్రితం అందరమూ ఆఫ్రికా నుండి వచ్చినవారమే. ఎవరు ముందు వచ్చారన్నదాన్ని బట్టి హక్కులు పంచేవాడికి ఎక్కడ గీత గీయాలో తెలియదు.

మిత్రులారా, ఇంతకు ముందు కూడా ఈ దేశంలో కులాన్ని శరీరంలో వెదికారు. హెర్బర్ట్ రిస్లీ అనే ఆంగ్లేయ అధికారి పందొమ్మిదవ శతాబ్దం చివర జనుల ముక్కులు కొలిపించి, ముక్కు వెడల్పుకు కులం హెచ్చుతగ్గులకు సంబంధం ఉన్నదన్నాడు. 1901 జనాభా లెక్కలకు ఆయనే కమిషనరు. బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆ కొలతలనే చేతబట్టి వాటి మాటను వాటి మీదకే తిప్పారు. ఒక ప్రాంతంలోని బ్రాహ్మణుని ముక్కుకూ అంటరానివాని ముక్కుకూ తేడా లేదని తన ‘అస్పృశ్యులు’ గ్రంథంలో చూపించారు. అంతకు ముందు 1936 నాటి ‘కుల నిర్మూలన’లోనే ఆయన మాట స్పష్టం: పంజాబు బ్రాహ్మణుడు, పంజాబు చమారు ఒకే జాతి, మద్రాసు బ్రాహ్మణుడు, మద్రాసు పరయ ఒకే జాతి, జనం కలిసిపోయిన ఎంతో కాలానికి గాని కులం పుట్టలేదు. మహాత్మా ఫూలే బ్రాహ్మణులు ఇరాన్ నుండి వచ్చినవారన్నారు. బాబాసాహెబ్ తన ‘శూద్రులెవరు?’ గ్రంథాన్ని ఆ ఫూలేకే అంకితమిచ్చి, అదే గ్రంథంలో ఆర్యజాతి దండయాత్ర సిద్ధాంతాన్ని తిరస్కరించారు. గురువుగా భావించినవారితో విభేదించడం అగౌరవం కాదని ఆయన ఆచరణే చెబుతున్నది.

అందుచేత నేను కూడా ఒక మాట దాచను. ఆనాడు బాబాసాహెబ్ ముందున్న ఆధారాలు వేదసూక్తాలు, పుర్రె కొలతలు. అస్థికల నుండి డీఎన్ఏ తీసే విద్య అప్పటికి లేదు. వలస జరగలేదన్నంత వరకు ఆయన అభిప్రాయాన్ని నేడు సవరించుకోవలసి ఉన్నది. కులం జాతి కాదు, జాతుల కలయిక తరువాత వచ్చిన ఏర్పాటు అన్న ఆయన మూల సిద్ధాంతం మాత్రం ఇప్పుడు మరింత గట్టిపడింది. 2013లో ప్రియా మూర్జానీ, తంగరాజ్ తదితరులు 73 సమూహాలను పరిశీలించి కలయిక జరిగిన కాలాన్ని అంచనా వేశారు. సుమారు 4,200 సంవత్సరాల నుండి 1,900 సంవత్సరాల క్రితం వరకు కలయిక విస్తారంగా జరిగింది. ఆ తరువాత తగ్గి, కులాంతర సంబంధాలు అరుదైపోయాయి. 2016లో పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఉన్న జాతీయ సంస్థకు చెందిన అనలాభ బసు, పార్థ మజుందార్ తదితరులు ఉన్నత కులాలలో తలుపులు మూసుకున్న కాలం సుమారు 70 తరాల క్రితమనీ, అది గుప్తుల కాలమనీ తేల్చారు.

1,900 సంవత్సరాల క్రితం అంటే మనకు శాతవాహనుల కాలం. నాసిక్ గుహలో వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ పాలనా సంవత్సరపు శాసనం ఒకటి ఉన్నది. గౌతమీ బాలశ్రీ తన కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణిని కీర్తిస్తూ వేయించినది. ఆయన ఘనకార్యాలలో నాలుగు వర్ణాల సాంకర్యాన్ని ఆపడం ఒకటని అందులో చెప్పబడింది. ఆపవలసి వచ్చిందంటే అంతవరకు జరుగుతూ ఉన్నదనే కదా అర్థం. ఆ శాసనం ఉన్న గుహను ఆమె దానం చేసినది భద్రయానీయ బౌద్ధ భిక్షువులకు! వర్ణసంకరాన్ని ఆపినందుకు పొగిడిన నోటితోనే సంఘానికి దానం. మన చరిత్రలో ఇటువంటి పొంతన లేని పుటలు చాలా ఉన్నాయి. వాటిని దాచి చెప్పే చరిత్ర మనకు అక్కరలేదు. ఈ శాసనమూ ఆ జన్యు అంచనా ఒకే కాలాన్ని సూచించడాన్ని రుజువు అనను. ఒక రాజు ఒక గుహలో పొగిడించుకున్నంత మాత్రాన దేశంలో పెళ్లిళ్లు ఆగవు. కాని చరిత్ర బోధించేవాడు దీనిని చూసి నిలబడకుండా ముందుకు పోలేడు.

అలాగే అంటరానితనం క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని బాబాసాహెబ్ నిర్ణయించారు. 70 తరాల లెక్క కూడా అటూ ఇటుగా అక్కడికే చేరుతుంది. ఆయన మాటను డీఎన్ఏ నిరూపించిందని రేపు ఎవరైనా కరపత్రం వేయవచ్చు. దయచేసి వేయవద్దు. బసు బృందం లెక్కించినది సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడం మొదలైన కాలాన్ని, అంటరానితనాన్ని కాదు. ఆ రెండింటికీ సంబంధం ఉన్నదా, ఉంటే ఎటువంటిది అన్నది గ్రంథాలతో, శాసనాలతో మనం చేయవలసిన పని.

తథాగతుడు ఈ పితృవంశ వివాదాన్ని నేరుగా ఎదుర్కొన్న సందర్భాలు త్రిపిటకంలో ఉన్నాయి. మజ్ఝిమ నికాయంలోని అస్సలాయన సుత్తంలో పదహారేళ్ల బ్రాహ్మణ యువకుడు అస్సలాయనుడు వర్ణశ్రేష్ఠత మీద వాదానికి వస్తాడు. బుద్ధుడు అతనికి ఏడుగురు బ్రాహ్మణ ఋషుల కథ చెబుతాడు. అసిత దేవలుడు వారిని అడిగినది ఇది: మీ తల్లి, ఆమె తల్లి, అలా ఏడు తరాల వరకు బ్రాహ్మణునితోనే కాపురం చేశారని మీకు తెలుసునా? మీ తండ్రి, ఆయన తండ్రి, అలా ఏడు తరాలు బ్రాహ్మణ స్త్రీతోనే ఉన్నారని తెలుసునా? తెలియదన్నారు. మరి మీరెవరు? అదీ తెలియదన్నారు. తండ్రి గీతతో పాటు తల్లి గీతను కూడా అడగడం ఇక్కడ గమనించదగినది. వంశం చెప్పుకొనేవారు సాధారణంగా మరచిపోయే సగం అది.

దీఘ నికాయంలోని అంబట్ఠ సుత్తం ఇంకా లోతైనది. పోక్ఖరసాతి శిష్యుడు అంబట్ఠుడు శాక్యులను హీనులని దూషించాడు. అతని గోత్రమైన కణ్హాయనులు ఓక్కాకరాజు దాసి దిసకు పుట్టిన కణ్హుని సంతతి అని బుద్ధుడు బయటపెట్టాడు. తోటి యువకులు వెంటనే అంబట్ఠుని దాసీపుత్రుడని గేలి చేయసాగారు. మన కరపత్రాల కథ ఇక్కడికే ముగిసిపోయేది. కాని బుద్ధుడు ఆగలేదు. అతనిని ఎక్కువగా అవమానించవద్దని వారించి, ఆ కణ్హుడు మహా ఋషి అయ్యాడని, రాజు తన కుమార్తెనే అతనికిచ్చాడని చెప్పి ఆ కుర్రవాని తల ఎత్తించాడు. అహంకారాన్ని విరవడానికి వంశాన్ని వాడాడు గాని, ఎదుటివాని పుట్టుకను రాయిగా చేసి విసరలేదు.

అన్నీ ఇలాగే ఉన్నాయని చెప్పను. భద్దసాల జాతక కథలో శాక్యుల దాసీ కుమార్తె వాసభఖత్తియ విషయంలో కోసల రాజును శాంతింపజేస్తూ, తల్లి గోత్రం కాదు, తండ్రి గోత్రమే ప్రమాణమన్న మాట బుద్ధుని నోట వినిపిస్తుంది. జాతకాల గద్యభాగం తరువాతి కాలపు వ్యాఖ్యానం. సమాజం నుండి ఆ మాట గ్రంథంలోకి జొరబడిందన్నది నా అభిప్రాయం. ఎదుటివారు దానిని చూపినప్పుడు మనం తెల్లబోకుండా ఉండడానికి ముందే తెలిసి ఉండాలి.

తండ్రి గీత ఎవరిని తుడిచివేస్తుందో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. మన విజయపురికి, నాగార్జునకొండకు వెళితే చాలు. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన సోదరి చాంతిసిరి మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలిపిన ఉపాసిక. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడే తరువాత ఆమెకు అల్లుడయ్యాడు. ఆ వంశపు పురుషుల వై క్రోమోజోము ఎప్పుడైనా దొరికితే అందులో అశ్వమేధం చేసిన రాజు ఉంటాడు. చైత్యం కట్టించిన చాంతిసిరి ఉండదు. ఆమె పేరు నిలిచినది పలనాటి సున్నపురాతి మీద, ఆమె స్వయంగా చెక్కించుకున్న అక్షరాలలో.

చివరగా పెళ్లిళ్ల సంగతి. 1916లో, ఇరవై అయిదేళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయపు సెమినారులో బాబాసాహెబ్ చదివిన పత్రం కులానికి ప్రాణం సొంత కులంలోనే పెళ్లి అన్నది. జన్యుశాస్త్రం ఇన్నేళ్ల తరువాత తరాల లెక్కతో కొలుస్తున్నది సరిగ్గా దానినే. ఆ మూసివేత శరీరాలను కూడా విడిచిపెట్టలేదు. 2009 అధ్యయనంలో మన వైశ్యులు రెండు మూడు వేల ఏళ్లుగా బయటి సంబంధాలు దాదాపు లేకుండా ఉన్నారని తేలింది. వారిలో ఒక ఎంజైము లోపం ఎక్కువ. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించే ఒక మందు ఇస్తే, ఆ లోపం ఉన్నవారు గంటల తరబడి సొంతంగా శ్వాస తీసుకోలేరు. మన మత్తు వైద్యులకు ఇది బాగా తెలిసిన విషయం. ఇది ఒక్క వైశ్యుల సంగతి అనుకోవద్దు. తలుపు మూసుకున్న ప్రతి సమూహంలోనూ, దళిత ఉపకులాలలోనూ, ఇటువంటి లోపాలు ఏవో ఒకటి పేరుకొని ఉండే అవకాశం ఉన్నది. కొన్నిటిని ఇంకా ఎవరూ వెదకలేదు.

ఇక మన ఇళ్లలోకి చూద్దాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది దీక్ష తీసుకున్న తరువాత రెండు మూడు తరాలు గడిచాయి. మన సంబంధాల ప్రకటనలలో ‘బౌద్ధులు’ అని రాసి, పక్కనే కుండలీకరణంలో మాల అనో మాదిగ అనో మహర్ అనో రాసే అలవాటు ఇంకా ఉన్నది. ఉపకులం కూడా రాసేవారున్నారు. వై క్రోమోజోము పరీక్షకు డబ్బు కట్టాలా అని అడిగే యువకులను నేను ఆ కుండలీకరణం గురించే తిరిగి అడుగుతుంటాను. మధ్యాహ్నం చర్చావేదికలో సంబంధాల కమిటీ వారు ఉంటారని విన్నాను. ఆ ప్రకటనలను ఇకముందు ఏ రూపంలో అచ్చువేయాలో వారితో మాట్లాడదలచినవారు దయచేసి భోజనానంతరం ఉండిపోవలసిందిగా కోరుతున్నాను.

భవతు సబ్బ మంగళం.